ఖాళీ వ్యాగన్‌కి ఇనుప ఖనిజం లోడు

ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ నుంచి వైజాగ్ వచ్చే ఖనిజం గూడ్స్ బళ్లు చూసిన కళ్లకి, మన మోడల్ రైళ్లలోని బాక్స్‌ఎన్ వ్యాగన్లు (పైకప్పు లేని గూడ్స్ పెట్టెలు) ఖాళీగా తిరుగుతుంటే వెలితిగా ఉంటుంది. పొడిని నేరుగా వ్యాగన్‌లో అంటిస్తేనేమో మళ్లీ ఊడదు. అందుకే లోడుని విడి ముక్క మీద చేద్దాం.

వ్యాగన్ లోపలి కొలతకి అన్ని వైపులా 1 మి.మీ. తగ్గించి థర్మాకోల్ ముక్క కోసి, నల్ల పోస్టర్ కలర్ వేయండి. 2 చెంచాల ఇటుక పొడిని టీ జల్లెడలో జల్లించి, అర చెంచా బొగ్గు పొడి కలపండి. ముక్కకి ఫెవికాల్ రాసి పొడిని రెండు కుప్పలుగా పోయండి. తర్వాత 1 వంతు ఫెవికాల్, 3 వంతుల నీళ్లు, ఒక్క చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి డ్రాపర్‌తో వేయండి. ఆ ఒక్క చుక్క మరిచిపోతే నీళ్లు పొడి మీద పూసల్లా దొర్లిపోతాయి. ఒక రోజు ఆరనివ్వాలి, వానాకాలం అయితే రెండు. కుప్పలు వ్యాగన్ అంచు దాటకూడదు. ఖనిజం బాగా బరువు కదా, అసలు వ్యాగన్లనీ నిండా నింపరు.

ఇటుక పొడి బదులు మన బీచ్ ఇసుక మాత్రం వద్దు. అందులోని నల్ల రేణువులు అయస్కాంతానికి అతుక్కుంటాయి. రాలితే ఇంజన్ మోటారులో చేరి పట్టేస్తాయి.