లియోన్‌లో ఫర్నిష్డ్ ఇల్లు: షూరిటీ లేనివాళ్లు విజాల్‌కి దరఖాస్తు చేసే పద్ధతి

ఫ్రాన్స్‌లోని లియోన్ పాతబస్తీలోనో, క్రువా రూస్ గుట్ట మీదో ఫర్నిష్డ్ ఇల్లు చూసుకున్న మన విద్యార్థుల్ని ఓనర్లు ఎక్కువగా తిప్పి పంపేది డబ్బు లేదని కాదు, షూరిటీ లేదని. అద్దె ఆగితే కట్టే మనిషి ఫ్రాన్స్‌లో ఉండాలి, ఆయన జీతం స్లిప్పులు చూపించాలి అంటారు. ఊళ్లో నాన్నగారి ఐటీ రిటర్న్స్, పొలం కాగితాలు చూపిస్తే సాధారణంగా ఒప్పుకోరు. ఇదే అదనుగా "గ్యారంటీ లెటర్ ఇప్పిస్తాం" అంటూ డబ్బులు గుంజేవాళ్లు తయారయ్యారు. వాళ్లకి పైసా ఇవ్వక్కర్లేదు. ఆక్సియోన్ లోజ్‌మాన్ అనే ఫ్రెంచ్ గృహవసతి సంస్థ మీకు షూరిటీగా నిలబడి ఇచ్చే విజాల్ హామీ పూర్తిగా ఉచితం.

18 ఏళ్లు నిండి, 31వ పుట్టినరోజు ఇంకా రానివాళ్లు దీనికి అర్హులు. విజాల్ వెబ్‌సైట్‌లో అకౌంట్ తెరిచి పాస్‌పోర్ట్, లాంగ్ స్టే విద్యార్థి వీసా, కాలేజీ ఇచ్చిన అడ్మిషన్ పత్రం అప్‌లోడ్ చేయాలి. ఇంటిపేరు, పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే, అదే వరుసలో రాయండి. దరఖాస్తు ఆమోదం పొందితే ఒక సర్టిఫికెట్ వస్తుంది. ఇంతవరకు పెద్ద టెన్షన్ ఉండదు.

ఆ తర్వాతే చాలామంది తడబడతారు. సర్టిఫికెట్ వచ్చింది కదా అని ఓనర్‌కి ఒక కాపీ పంపి, వెంటనే అగ్రిమెంట్ మీద సంతకం పెట్టేస్తారు. సర్టిఫికెట్ అంటే మీకు అర్హత ఉందని చెప్పడం మాత్రమే, అది హామీ కాదు. ఓనర్ కూడా అదే సైట్‌లో అకౌంట్ తెరిచి, మీ సర్టిఫికెట్ నంబర్‌తో హామీ ఒప్పందం తీసుకోవాలి. అదీ మీ సంతకాలకు ముందే. వరుస తప్పితే హామీ వర్తించదు. పాతకాలం ఓనర్లకు ఈ పద్ధతి తెలియకపోవచ్చు. మొహమాటపడకుండా వాళ్ల పక్కనే కూర్చుని చేయించండి. విజాల్ ఉంటే ఇంకో షూరిటీ అడగకూడదన్న సంగతి కూడా అప్పుడే చెప్పండి.

సర్టిఫికెట్ మీద గరిష్ఠ అద్దె ఎంతో రాసి ఉంటుంది. నిర్వహణ ఖర్చులు కలిపిన అద్దె దాన్ని దాటకూడదు. ఆదాయం చూపించని విద్యార్థులకు ఈ పరిమితి తక్కువ. ప్రకటనల్లో టీ2 అని ఉండే సింగిల్ బెడ్‌రూమ్ ఇళ్లు ఊరి నడిమధ్యలో ఆ పరిమితిని తేలిగ్గా దాటేస్తాయి. కాబట్టి ముందు ఆ అంకె చూసుకుని, తర్వాత ఇళ్లు చూడండి. హామీ అంటే అద్దె మాఫీ కూడా కాదు. విజాల్ ఓనర్‌కి కట్టిన ప్రతి యూరో తర్వాత మీ దగ్గర వసూలు చేస్తుంది.

ఫర్నిష్డ్ ఇంటికి డిపాజిట్ రెండు నెలల అద్దెకు మించకూడదు, అందులో నిర్వహణ ఖర్చులు కలపకూడదు. విద్యార్థులకు 9 నెలల అగ్రిమెంట్ ఉంది, ఖాళీ చేయడానికి ఒక నెల నోటీసు చాలు. లియోన్‌లో అద్దెలకు పరిమితి అమల్లో ఉంది, కాబట్టి రెఫరెన్స్ అద్దె (ఆ ప్రాంతంలో అలాంటి ఇంటికి ప్రభుత్వం నిర్ణయించిన అద్దె) అగ్రిమెంట్‌లో రాశారో లేదో చూడండి. పాత రాతి భవనాల్లో ఎనర్జీ రేటింగ్ (ఏ నుంచి జీ వరకు ఉంటుంది, జీ అన్నిటికన్నా అధ్వానం) కూడా అడగాలి. 2025 జనవరి నుంచి జీ రేటింగ్ ఇంటిని కొత్తగా అద్దెకివ్వడం కుదరదు. ఎఫ్ రేటింగ్ ఇంటికి చలికాలం కరెంటు బిల్లు కూడా లెక్కేసుకోండి.

బ్యాంక్ స్టేట్‌మెంట్ అడిగే హక్కు ఓనర్‌కి లేదు. "నేను విదేశంలో ఉన్నాను, డబ్బు పంపితే తాళాలు కొరియర్‌లో వస్తాయి" అన్నవాడు దాదాపు ఎప్పుడూ మోసగాడే. ఇల్లు కళ్లారా చూసి, అగ్రిమెంట్ మీద సంతకాలు అయ్యేదాకా ఏమీ పంపకండి. తాళాలు తీసుకునే రోజు ఇంటి పరిస్థితి పత్రంలో గోడ మీది మరకతో సహా రాయించి, ఫొటోలు తీసి పెట్టుకోండి. ఇంటి బీమా కాగితం మాత్రం ఆ రోజుకే సిద్ధంగా ఉండాలి.