సావిన్ నుంచి ఇంబోల్క్ దాకా: పేగన్ ఇంటి అలంకరణలో పాటించవలసిన జాగ్రత్తలు

క్రైస్తవానికి ముందున్న యూరప్ ప్రకృతి ఆరాధనను ఈనాడు మళ్లీ ఆచరించేవారే పేగన్లు. అక్టోబరు 31న వచ్చే, పితరులను తలచుకునే సావిన్ పండుగతో వారి సంవత్సర చక్రంలో చీకటి భాగం మొదలవుతుంది. అక్కడి నుంచి డిసెంబరు 21 ప్రాంతంలో, అతి చిన్న పగటి రోజున వచ్చే యూల్ పండుగ మీదుగా, ఫిబ్రవరి 1న వసంతానికి స్వాగతం పలికే ఇంబోల్క్ పండుగ వచ్చేంత వరకు బ్రిటన్‌లో పగళ్లు చాలా చిన్నవి. యూల్ నాడు లండన్‌లో సూర్యుడు ఉండేది సుమారు 7 గంటల 50 నిమిషాలు మాత్రమే. తలుపులు, కిటికీలు బిగించుకుని, లోపల కొవ్వొత్తులు వెలిగించి, పచ్చని కొమ్మలు వేలాడదీసి, ధూపం వేసుకునే కాలం ఇది. పేగన్ ఇళ్లు సంవత్సరంలో అన్నిటికంటే అందంగా ఉండేదీ, ప్రమాదానికి అన్నిటికంటే దగ్గరగా ఉండేదీ ఈ మూడు నెలలే.

మా కోడలు పేగన్. మా ఇంట్లో నా పూజ గదికీ ఆమె పీఠానికీ మధ్య ఒక్క గోడే ఉంది, అందువల్ల ఈ జాగ్రత్తలు నాకు పుస్తక విషయాలు కావు. 2021 జనగణనలో ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 74,000 మంది తాము పేగన్లమనీ, మరో 13,000 మంది తమ మతం పేగన్ శాఖలలో ఒకటైన విక్కా అనీ రాసుకున్నారు. ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు వారు కోడళ్లుగా, అల్లుళ్లుగా, పొరుగువారుగా, ఒకే ఇంట్లో గదులు పంచుకునే విద్యార్థులుగా తారసపడుతూనే ఉన్నారు కనుక, ఆ పీఠం మీద ఏముంటుందో, ఎందుకుంటుందో తెలిసి ఉండటం మనకూ అవసరమే.

విక్కా సంప్రదాయాన్ని అనుసరించేవారు సాధారణంగా పీఠాన్ని నాలుగు దిక్కులకు, నాలుగు భూతాలకు సరిపోయేలా అమర్చుకుంటారు: ఉత్తరాన భూమికి గుర్తుగా ఉప్పో రాయో, తూర్పున గాలికి ఈకో ధూపమో, దక్షిణాన అగ్నికి కొవ్వొత్తి, పడమట నీటికి పాత్ర. వీటిలో ఏదీ బొమ్మ కాదు. నిప్పు నిజమైన నిప్పు, ఆకు నిజమైన ఆకు, రాయి నిజమైన రాయి. పీఠానికి ఏది పవిత్రతను ఇస్తున్నదో అపాయమూ దాని నుంచే వస్తుంది కాబట్టి, జాగ్రత్తను పూజకు అడ్డంకిగా కాక పూజలో భాగంగానే చూడాలని నా అభిప్రాయం.

ముందుగా నిప్పు సంగతి. కొవ్వొత్తికీ, మండే గుణమున్న ఏ వస్తువుకైనా మధ్య కనీసం 30 సెంటీమీటర్ల దూరం ఉండాలి, పక్కపక్కన వెలిగించే కొవ్వొత్తుల మధ్య 10 సెంటీమీటర్లకు తగ్గకూడదు, వెలిగించే ముందు ప్రతిసారీ ఒత్తిని అర సెంటీమీటరుకు కత్తిరించాలి. ఇవి ఎవరైనా చెప్పే నియమాలే. పేగన్ ఇళ్లకు ప్రత్యేకమైన ప్రమాదం మరొకటి ఉంది. సంకల్పం కోసం వెలిగించే కొవ్వొత్తికి నూనె రాసి, ఎండు రోజ్‌మేరీనో లావెండర్‌నో పొడి చేసి అందులో దొర్లించడం చాలామందికి అలవాటు. మైనం కరిగి కిందికి దిగిన కొద్దీ ఆ ఎండు ఆకులే మరో ఒత్తిగా మారి మంటను అందుకుంటాయి, అరచేతి ఎత్తున లేచిన మంటకు గాజు గ్లాసు కూడా పగలవచ్చు. ఆకులను కొవ్వొత్తికి అంటించకుండా, వెడల్పాటి లోహపు పళ్లెంలో దానికి దూరంగా వలయంలా చల్లుకుంటే సంకల్పానికి లోటేమీ రాదు.

యూల్ కోసం బిర్చ్ దుంగకు మూడు రంధ్రాలు తొలిచి, మూడు కొవ్వొత్తులు నిలిపి, చుట్టూ ముళ్ల ఆకుల హాలీ కొమ్మలు, ఐవీ తీగలు కట్టే అలంకరణ ఇప్పుడు బాగా వాడుకలో ఉంది. ఇక్కడ కొవ్వొత్తిని పట్టుకుని ఉన్నదే కట్టె. రంధ్రంలో లోహపు గిన్నె అమర్చకుండా మైనపు కొవ్వొత్తిని నేరుగా చెక్కలో గుచ్చితే, అది చివరకంటా కాలినప్పుడు దుంగ రాజుకుంటుంది. కొమ్మలు తెచ్చిన రోజు పచ్చగానే ఉంటాయి, కానీ గది వేడికి పది రోజుల్లో లోపలి తడి ఆరిపోయి చితుకుల్లా తయారవుతాయి. పండుగనాటికి తాజా కొమ్మలు మార్చుకోవడం, లేదా దుంగకు ఒక వైపు మాత్రమే ఆకులు కట్టి మంట ఉన్న వైపు ఖాళీగా వదలడం మేలు.

సావిన్ రాత్రి పితరులకు దారి కనిపించేందుకు కిటికీలో దీపం ఉంచే ఆచారం నన్ను కదిలించినంతగా ఈ మతంలో మరేదీ కదిలించలేదు. మహాలయ పక్షంలో మన పెద్దలను తలచుకున్న రోజుల తరువాత కొద్ది వారాలకే ఆ రాత్రి వస్తుంది. కానీ తెర పక్కన, అందరూ నిద్రపోయాక, తెల్లవార్లూ వెలిగే మంటకు మించిన ప్రమాదం ఇంట్లో ఉండదు. మేము కనుగొన్న మార్గం ఇది: పెద్దల పేర్లు చెప్పి అసలు కొవ్వొత్తిని పీఠం మీద వెలిగిస్తారు, అందరూ దాని చుట్టూ కూర్చున్నంతసేపూ అది వెలుగుతుంది, పడుకునే ముందు దానిని ఆర్పి, కిటికీలో బ్యాటరీ దీపం పెడతారు. ఆర్పడంలోనూ పద్ధతి ఉంది. మన ఇళ్లలో దీపాన్ని నోటితో ఊదకూడదంటాము, ఆరిపోయిందని కూడా అనకుండా కొండెక్కిందంటాము. పేగన్లలోనూ చాలామంది ఊదకుండా, పిడి ఉన్న చిన్న లోహపు గంటను మంట మీద బోర్లించి ఆర్పుతారు. ఆచారం సంగతి అలా ఉంచినా, ఊదినప్పుడు మరిగే మైనమూ నిప్పురవ్వలూ చింది తెరల మీద పడే అవకాశం ఉంది కాబట్టి ఆ గంటే క్షేమకరం. ఇక సంకల్పపు కొవ్వొత్తి పూర్తయ్యేదాకా కాలవలసిందేనని నమ్మేవారు, ఒక గంటలోపు కాలిపోయే సన్నని చిన్న కొవ్వొత్తిని ఎంచుకుని, అది ముగిసేదాకా అక్కడే కూర్చోవాలి.

మంట లేకుండానే నిప్పు పుట్టించే వస్తువు స్ఫటిక గోళం. గాజు గోళమైనా, నీళ్లు నిండిన గుండ్రటి పాత్రైనా సూర్యకాంతిని ఒక బిందువు మీదికి చేర్చి గుడ్డనూ కాగితాన్నీ కాల్చగలదు. బ్రిటన్ అగ్నిమాపక సిబ్బంది ఈ విషయమై ప్రజలను హెచ్చరించారు. ఎండలేని చలికాలంలో దీనితో ఏం భయమని అనుకోకూడదు. శీతాకాలపు సూర్యుడు ఆకాశంలో తక్కువ ఎత్తులో ఉండటం వల్ల వేసవిలో గుమ్మం దగ్గరే ఆగే ఎండ ఇప్పుడు గది మధ్య దాకా వస్తుంది. గోళం మీద గుడ్డ కప్పి ఉంచాలి, ఆ గుడ్డ కూడా ముదురు రంగుది, దళసరిది అయి ఉండాలి.

ధూపానికి అగరువత్తి వాడితే పెద్ద చిక్కు లేదు. గుగ్గిలం, ఫ్రాంకిన్‌సెన్స్ వంటి బంకలను బొగ్గు బిళ్ల మీద వేసేవారు మాత్రం, ఆ బిళ్ల అంటుకోగానే చిటపటమని రవ్వలు చిమ్ముతుందనీ, ఎరుపు తగ్గిన తరువాత కూడా చాలాసేపు లోపల వేడిగానే ఉంటుందనీ గుర్తుంచుకోవాలి. అడుగున రెండు వేళ్ల మందాన ఇసుక పోసిన లోహపు పాత్ర, దాని కింద రాతి పలక ఉండాలి. కాలే బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. మన పెద్దలు సాంబ్రాణి వేసేటప్పుడు తలుపులు తెరిచి ఇల్లంతా తిప్పేవారు, ఇక్కడేమో చలికి భయపడి ఉన్న ఒక్క కిటికీనీ మూసేస్తారు. కిటికీ కొంచెమైనా తెరిచి ఉంచాలి, పొగ గుర్తించే అలారంతో పాటు కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా గదిలో ఉండాలి. 2022 అక్టోబరు నుంచి ఇంగ్లండ్‌లో అద్దె ఇళ్లలో పొయ్యి వంటి స్థిరమైన దహన సాధనమున్న గదులకు, గ్యాసు వంట పొయ్యిలను మినహాయించి, ఈ అలారం అమర్చడం యజమాని బాధ్యత. కేవలం ధూపం వేసే పడక గదికి మాత్రం మనమే కొనుక్కోవాలి.

ధూపంలో ఏ ఆకు కాలుస్తున్నారన్నదీ ఆలోచించవలసినదే. కాలిఫోర్నియాలో అడవి మొక్కగా పెరిగే వైట్ సేజ్ అక్కడి ఆదివాసులకు పవిత్రమైనది, దానికి వచ్చిన గిరాకీతో దొంగతనంగా కోతలు జరుగుతున్నాయి. స్కాట్లండ్‌లో ఇంటిని శుద్ధి చేయడానికి జూనిపర్ పొగ వేసే పాత ఆచారం ఉంది, వైట్ సేజ్‌కు బదులు దానిని వాడుకోవచ్చు. మగ్‌వర్ట్ కూడా పేగన్లకు ఇష్టమైనదే, అది వినాయక చవితి పత్రిలో మనం వాడే మాచిపత్రికి దగ్గరి చుట్టం. గర్భిణులు ఉన్న ఇంట్లో మాత్రం దానిని వాడకపోవడమే మంచిది.

ఇక ఆకులు, కాయలు. రోమన్ రచయిత ప్లినీ కాలం నుంచి ప్రాచీన కెల్టిక్ పూజారులైన డ్రూయిడ్ల పేరుతో ముడిపడిన మిసిల్‌టో మన మామిడి చెట్లకు పట్టే బదనికకు బంధువు. ఓక్ చెట్టు మీద అరుదుగా, ఆపిల్ చెట్ల మీద విరివిగా పెరుగుతుంది; వూస్టర్‌షైర్‌లోని టెన్‌బరీ వెల్స్ పట్టణంలో చలికాలంలో దీనిని వేలం వేస్తారు. దాని తెల్లని పండ్లు, హాలీ ఎర్రని పండ్లు తింటే వాంతులు, విరేచనాలు అవుతాయి. గుమ్మానికి కట్టిన గుత్తి వాడే కొద్దీ పండ్లు నేల మీదికి రాలుతాయి కనుక, పాకే పిల్లలున్న ఇంట్లో గుత్తికి పల్చని వల సంచి తొడగడం గానీ, పండ్లు తీసేసి ఆకులు మాత్రమే కట్టడం గానీ చేయాలి.

అన్నిటికంటే కఠినంగా ఉండవలసింది యూ చెట్టు విషయంలో. మరణానికీ పునర్జన్మకూ గుర్తుగా సావిన్ పీఠం మీద దీని కొమ్మను ఉంచుతారు. ఎర్రని కాయ గుజ్జు తప్ప ఈ చెట్టులో ఆకు, బెరడు, గింజ అన్నీ గుండెను ఆపగల విషమే, గుప్పెడు ఆకులు మనిషి ప్రాణానికి చాలు. ఇంట్లో చిన్నపిల్లలో, కుక్కో పిల్లో ఉంటే యూ కొమ్మ గడప దాటి లోపలికి రాకూడదు. దాని చిత్రమో, చెక్కిన బొమ్మో చాలు. వసనాభి, బెల్లడోనా, ఉమ్మెత్త వంటి మొక్కలను మంత్రగత్తెల తోట పేరుతో కుండీలలో పెంచేవారికీ ఇదే మాట. మనమూ ఏకవింశతి పత్రి పూజలో ఉమ్మెత్తను, గన్నేరును, జిల్లేడును దేవుడికి సమర్పిస్తున్నాము, కానీ వాటిని ప్రసాదంతో కలపము, తాకిన చేతులు కడుక్కుంటాము. పిల్లలు ఏదైనా నమిలారన్న అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా, ఆ కొమ్మను చేతిలో పట్టుకునే వెంటనే వైద్య సహాయం కోరాలి.

చాలామందికి తెలియని విషయం ఉప్పు పిండి బొమ్మలది. పిండి, ఉప్పు కలిపి సూర్యుడి ఆకారంలో, నక్షత్రాల ఆకారంలో బొమ్మలు చేసి, ఆరబెట్టి యూల్ చెట్టుకు కడతారు. పిండి వాసనకు కుక్క వాటిని తింటే ఒంట్లో ఉప్పు ఒక్కసారిగా పెరిగి వాంతులు, తూలుడు, మూర్ఛలు వచ్చి చనిపోయే ప్రమాదం ఉంది. మూడేళ్ల కిందట మా కోడలి కుక్క అలాంటి సూర్యబింబం ఒకటి సగం తిన్నది. పశువైద్యుడి దగ్గరికి పరుగెత్తి రెండు రోజులు అక్కడే ఉంచవలసి వచ్చింది, దేవుడి దయ వల్ల బతికింది. అప్పటి నుంచి మా ఇంట్లో ఆ బొమ్మలు మట్టితోనే చేస్తున్నాము. టీ ట్రీ వంటి ఘాటు నూనెలు పిల్లులకు పడవు, లిల్లీ పూల పుప్పొడి కూడా వాటి మూత్రపిండాలను పాడుచేస్తుంది.

అలంకరణ సామగ్రిని బయట ఏరుకొచ్చేవారు చట్టాన్నీ చూసుకోవాలి. ఇంగ్లండ్‌లో అమ్మకానికి కాకుండా అడవి మొక్కల ఆకులు, పండ్లు కోసుకోవడం సాధారణంగా దొంగతనం కాదు. కానీ 1981 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం స్థల యజమాని అనుమతి లేకుండా ఏ అడవి మొక్కనూ వేళ్లతో పెకలించకూడదు. గుమ్మానికి రక్షగా కట్టే సహజంగా రంధ్రం పడిన రాళ్లను సముద్రతీరం నుంచి తీసుకోవడం కొన్ని చోట్ల నిషిద్ధం. అమెరికాలో ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి: 1918 నాటి వలస పక్షుల చట్టం కింద అక్కడి అడవి పక్షులలో అధిక భాగం వాటి రాలిన ఈకను దగ్గర ఉంచుకోవడం కూడా నేరమే. పెంపుడు కోడి ఈకకు ఏ అభ్యంతరమూ లేదు.

వీధి వైపు కనిపించే గుర్తుల విషయం సున్నితమైనది. మంత్రవిద్యలపై 1735లో చేసిన చట్టం 1951లో రద్దయిన తరువాతే బ్రిటన్‌లో విక్కా బాహాటంగా బయటికి రాగలిగింది. పేగన్ల గుర్తైన అయిదు కోణాల నక్షత్రాన్ని కిటికీలో పెట్టుకునే హక్కు ఈనాడు ఎవరికైనా ఉంది, అయినా ఇంట్లో అందరూ ఒప్పుకున్న తరువాతే పెట్టాలి, ఎందుకంటే ఆ గుర్తును అపార్థం చేసుకున్నవారి మాటలు పడేది బడికి వెళ్లే పిల్లలే. పేగన్లలో ప్రాచీన జర్మానిక్ దేవతలను కొలిచే హీథెన్లు వాడే ఒథాలా వంటి, రూన్ అనే పాత లిపి అక్షరాలను నాజీలు తమ చిహ్నాలుగా వాడుకున్నారు, జర్మనీలో అలాంటి చిహ్నాల ప్రదర్శనపై శిక్షాచట్టం కిందికి వచ్చే నిషేధాలున్నాయి. మన గడప మీది స్వస్తికకు పట్టిన గతి తెలిసిన మనకు ఆ బాధ ఎవరూ వివరించనక్కరలేదు. అలాంటి అక్షరాన్ని ఒంటరిగా తలుపు మీద చెక్కే బదులు మొత్తం అక్షరమాలలో భాగంగా లోపలి గోడకు పెట్టుకుంటే దాని అర్థం నిలుస్తుంది. విక్కా పూజలో వాడే, పీఠం మీది నల్ల పిడి కత్తి పదునైనదైతే పిల్లలకు అందని పెట్టెలో ఉండాలి.

పండుగ ముగిశాక దించడంలోనూ శ్రద్ధ కావాలి. సావిన్ గుమ్మడికాయలను అడవిలో పారవేస్తే వాటిని తిన్న ముళ్లపందులకు విరేచనాలు పట్టుకుంటాయి, వాటిని ఎరువు గుంటలోనే వేయాలి. ఎండిన హాలీ, పైన్ కొమ్మలను ఇంటి పొయ్యిలో వేయకూడదు. అవి భగ్గున మండి పొగగొట్టంలోని మసిని అంటించగలవు. యూల్ దుంగను నిజంగా పొయ్యిలో కాల్చేవారు చలికాలానికి ముందే గొట్టం శుభ్రం చేయించుకుని, 20 శాతం లోపు తేమ ఉన్న ఎండు కట్టెనే వాడాలి. బూడిదను మూత ఉన్న లోహపు బకెట్లో ఎత్తి ఆరుబయట ఉంచాలి, పైకి చల్లబడినట్టు కనిపించే బూడిదలో నిప్పు కణిక రోజుల తరబడి బతికి ఉంటుంది. ఆ దుంగలో ఒక ముక్కను దాచి మరుసటి యూల్ నాటి మంటను దానితోనే వెలిగించడం పాత ఆచారం. ఆ ముక్కను నీళ్లలో పూర్తిగా ముంచి, రెండు రోజులు బయట ఆరనిచ్చి, చేతితో తడిమి చూసి, మూత బిగువైన రేకు డబ్బాలో పెట్టిన తరువాతే ఇంట్లోకి తేవాలి.