షిఫ్టు డ్యూటీ నాన్నలు, ఇంట్లో ప్రార్థన

గాజువాక వైపు స్టీల్ ప్లాంటు షిఫ్టులు చేసే ఇళ్లలో రోజూ రాత్రి 8 గంటలకే ప్రార్థన అని పెట్టుకుంటే రెండో వారానికే ఆగిపోతుంది. గడియారానికి కాదు, భోజనానికి ముడిపెట్టండి: నాన్న ఇంట్లో ఉన్న పూట, కంచాలు తీశాక 15 నిమిషాలు. ఒక కీర్తన, బైబిల్లో 10–12 వచనాలు, ఒక ప్రశ్న, చిన్న ప్రార్థన. పదేళ్లలోపు పిల్లలుంటే 10 నిమిషాలు చాలు.

మార్కు సువార్తతో మొదలుపెట్టండి. 16 అధ్యాయాలే, ఈ లెక్కన సుమారు రెండు నెలలు. బలులు, నియమాలతో నిండిన లేవీయకాండముతో మొదలుపెట్టినవాళ్లు తొందరగా చేతులెత్తేస్తారు.

అసలు చిక్కు భాషది. మన బైబిలు గ్రాంథికం; ఇంగ్లీషు మీడియం పిల్లలకు ‘పరిసయ్యులు’, ‘సమాజమందిరము’ కొరుకుడు పడవు. నాన్న ముందే ఒకసారి చదువుకుని, కష్టమైన రెండు మూడు మాటలు ఇంట్లో మాట్లాడే తెలుగులో చెప్పాలి. తర్వాత పిల్లల చేత చదివించాలి. తప్పు చదివితే వెంటనే దిద్దకండి, వచనం పూర్తి కానివ్వండి.

ప్రశ్న ‘అర్థమైందా?’ అని వద్దు, అందరూ తలూపేస్తారు. ‘ఇందులో ఎవరికి భయం వేసింది?’ అని అడగండి.

పగటి అల్లరిని ప్రార్థనలో దేవుడికి ఫిర్యాదు చేయడం మాత్రం మానండి. పిల్లలకు అది తిట్టులాగే వినిపిస్తుంది. ఎఫెసీయులకు రాసిన పత్రిక 6:4 తండ్రులకు చెప్పిందీ అదే, కోపం రేపొద్దని. నాన్నే ఆ రోజు అరిచి ఉంటే, ముందు పిల్లలకు క్షమాపణ చెప్పి కూర్చోవాలి.