డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో శబ్దం గరగరలాడుతుంటే ఏం చేయాలి?

కంప్యూటర్‌లో పాట పెట్టినా, ఆన్‌లైన్ క్లాసు విన్నా మాట స్పష్టంగా రాక గరగరలాడుతుంటే మనవాళ్లలో చాలామంది ముందుగా చేసే పని కొత్త స్పీకర్లు కొనడం, లేదంటే విండోస్ మళ్లీ ఎక్కించమని సీపీయూను మెకానిక్‌కు అప్పగించడం. నిజానికి ఈ రెండూ అన్నిటికంటే చివర చేయవలసిన పనులు. పైసా ఖర్చు లేకుండా ఇంట్లోనే తేలిపోయే కారణాలు చాలా ఉన్నాయి. పైగా నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో, ముఖ్యంగా మైపాడు, కొత్తపట్నం వంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో, సాఫ్ట్‌వేర్ కంటే ముందు అనుమానించవలసినవి పిన్నుకు పట్టిన చిలుము, సరిగ్గా పని చేయని ఎర్తింగ్. శబ్దం ఏ చోట చెడిపోతోందో ముందు తేల్చుకుని, ఆ తర్వాతే దేనిమీదనైనా చెయ్యి వేయాలి.

ముందు చెవితో గుర్తుపట్టండి

వాల్యూం పెంచినప్పుడు మాత్రమే గొంతు పగిలినట్టు వస్తుంటే శబ్దస్థాయి ఎక్కడో హద్దు మీరిందని అర్థం. వైరు కదిలినప్పుడల్లా చిటపటలు వస్తుంటే లోపం పిన్నులోనో, సాకెట్‌లోనో ఉంటుంది. పాట ఆపేసినా ఎడతెగకుండా గుయ్యిమని మోత వస్తుంటే అది కరెంటుకు, ఎర్తింగ్‌కు సంబంధించిన వ్యవహారం. మాట మధ్యమధ్య తెగిపోయి ముక్కలుముక్కలుగా వినిపిస్తుంటే కంప్యూటర్ ఆ శబ్దాన్ని సమయానికి అందించలేకపోతోందని భావించాలి.

ఆ తర్వాత మార్చి మార్చి చూడాలి. స్పీకర్ పిన్ను తీసి మొబైల్ ఫోన్‌కు పెట్టి, అదే పాటను వినండి. ఫోన్‌కు ఆ సాకెట్ లేకపోతే టీవీకి గాని, పాత రేడియోకు గాని పెట్టవచ్చు. అక్కడా గరగరే వస్తే స్పీకర్‌లో లోపం, బాగా వస్తే కంప్యూటర్‌లో లోపం. అలాగే బాగా పని చేస్తున్న ఇయర్‌ఫోన్ ఒకటి కంప్యూటర్‌కు పెట్టి వినండి. ఒక్క వీడియోలోనే శబ్దం చెడి, మిగతావి బాగుంటే ఆ రికార్డింగే అలా ఉందన్నమాట; మన చేతిలో చేయగలిగింది లేదు.

వాల్యూం ఎక్కడ ఎంత ఉండాలి

కంప్యూటర్ శబ్దానికి వాల్యూం ఒక్కచోట కాదు, మూడు చోట్ల ఉంటుంది: పాట ఆడించే ప్రోగ్రాంలో ఒకటి, విండోస్‌లో ఒకటి, స్పీకర్ మీద తిప్పే బటన్ ఒకటి. వీఎల్‌సీ వంటి ప్లేయర్లలో వాల్యూంను 100 శాతం దాటించవచ్చు కాబట్టి, రికార్డింగ్ నెమ్మదిగా ఉందని దాన్ని 125కు పెంచి మరిచిపోయేవాళ్లు ఎందరో. అలా పెంచినప్పుడు శబ్దతరంగాల శిఖరాలు తెగిపోతాయి. కాలువ పైభాగంలో నీళ్లు ఎక్కువ వదిలి కట్ట తెగాక, కింద తూము ఎంత దించినా ఆ గండి పూడదు. ప్రోగ్రాంలో తెగిన శబ్దం కూడా స్పీకర్ దగ్గర తగ్గించినంత మాత్రాన బాగుపడదు. ప్రోగ్రాంలో 100 శాతానికి మించనీయకుండా, విండోస్‌లో 80 ప్రాంతంలో ఉంచి, చాలకపోతే స్పీకర్ బటన్‌తో పెంచుకోండి. స్వరాల హెచ్చుతగ్గులను సర్దే ఈక్వలైజర్‌లో బాస్ (మంద్రస్వరం) బాగా ఎత్తి ఉంటే దాన్నీ మామూలు స్థితికి తీసుకురండి.

పిన్ను, సాకెట్, బటన్

మన కోస్తా గాలిలో ఉప్పు, తేమ రెండూ ఉన్నాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో ఆ తేమ మరీ ఎక్కువ. నెలల తరబడి కదలకుండా ఉన్న 3.5 మిల్లీమీటర్ల ఆడియో పిన్నును బయటికి లాగి, తెల్లటి పొడి గుడ్డతో గట్టిగా తుడిచి చూడండి. గుడ్డ మీద పచ్చటి మరకో, నల్లటి మరకో పడితే దోషి చేతికి చిక్కినట్టే. ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణంలో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను గుడ్డకు కొద్దిగా అద్ది పిన్నును మళ్లీ తుడవండి. కంప్యూటర్ పూర్తిగా ఆపి, ప్లగ్గు కూడా తీసేశాక, పొడిగా తుడిచిన ఆ పిన్నునే సాకెట్‌లో పెడుతూ తీస్తూ పది పదిహేనుసార్లు తిప్పితే లోపలి రేకుల మీది చిలుము కొంత రాలిపోతుంది. గరుకు కాగితంతో మాత్రం రుద్దవద్దు. పైపూత పోయి, అసలు లోహం బయటపడి, మరింత త్వరగా చిలుము పడుతుంది.

స్పీకర్ బటన్ తిప్పినప్పుడు మాత్రమే బరబరమంటుంటే దాని లోపల దుమ్ము చేరిందని అర్థం. చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ క్వారీలకు, పాలిషింగ్ ఫ్యాక్టరీలకు దగ్గరగా ఉన్న ఇళ్లలో ఆ సన్నటి రాతిపొడి దేన్నీ వదలదు. స్పీకర్ ఆపేసి, బటన్‌ను ఆ చివరి నుంచి ఈ చివరికి పలుమార్లు తిప్పండి. తగ్గకపోతే కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే వేయించాలి.

సీపీయూ ముందువైపు సాకెట్‌లో పెట్టినప్పుడు శబ్దం చెడి, వెనకవైపు పెట్టినప్పుడు బాగుంటే చింతించవలసిన పనే లేదు. ముందు సాకెట్ నుంచి మదర్‌బోర్డు (లోపలి ప్రధాన సర్క్యూట్ పలక) దాకా వెళ్లే సన్నని వైరు లోపల అనేక భాగాల పక్కగా పోతూ వాటి రొదను కూడా పట్టుకొస్తుంది. స్పీకర్లను వెనకవైపు ఆకుపచ్చ సాకెట్‌కే పెట్టండి. గులాబీ రంగుది మైకుకు, నీలం రంగుది బయటి నుంచి వచ్చే శబ్దానికి.

ఎడతెగని మోతకు కారణం ఎర్తింగ్

ఈ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది శబ్దంతో ఆగేది కాదు, ప్రాణానికి సంబంధించినది. మన ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్. ఎర్తింగ్ సరిగ్గా లేనప్పుడు ఆ 50 హెర్ట్‌జ్ మోత, దాని రెట్టింపైన 100 హెర్ట్‌జ్ మోత స్పీకర్ దాకా వచ్చేస్తాయి. కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ అనే భాగంలోని ఫిల్టర్ కెపాసిటర్ల గుండా కొద్దిపాటి కరెంటు ఎప్పుడూ డబ్బా లోహంలోకి వస్తూ ఉంటుంది. ఎర్తు వైరు దాన్ని భూమిలోకి పంపేస్తుంది. ఆ దారి లేనప్పుడు చెప్పులు లేకుండా నిలబడి సీపీయూను తాకిన చేతికి జివ్వుమంటుంది. మోత, జివ్వుమనడం రెండూ కలిసి ఉంటే స్పీకర్ సంగతి పక్కన పెట్టి, ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ఉదయగిరి వంటి మెట్ట ప్రాంతాల్లో వేసవికి నేల ఎండిపోయినప్పుడు ఎర్తింగ్ గుంతలో నీళ్లు పోయకపోతే అది పేరుకే ఎర్తింగ్. మూడు పిన్నుల ప్లగ్గులో లావుగా ఉండే పై పిన్నును విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్‌లో దూర్చడం, మోత తగ్గుతుందని ఎర్తు వైరు కత్తిరించడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు.

ఇక పరీక్ష ఇలా చేయాలి. స్పీకర్లు ఆన్‌లోనే ఉంచి, కంప్యూటర్‌కు పెట్టిన ఆడియో పిన్ను తీసేయండి. పిన్ను లోహాన్ని వేలితో తాకవద్దు, తాకితే వేరే మోత వస్తుంది. మోత అలాగే ఉంటే స్పీకర్ అడాప్టర్‌లోనో, దాని సర్క్యూట్‌లోనో లోపం. ఆగిపోతే కంప్యూటర్, స్పీకర్ వేర్వేరు చోట్ల నుంచి ఎర్తు తీసుకోవడం వల్ల వైర్లలో ఒక వలయం ఏర్పడి ఉండవచ్చు. రెంటినీ ఒకే స్పైక్ బస్టర్‌కు (పలు సాకెట్లుండే బోర్డుకు) పెట్టి చూడండి. సీపీయూ నుంచి పెద్ద ఆంప్లిఫయర్‌కు కలిపి, దానికే కేబుల్ టీవీ సెట్‌టాప్ బాక్సు కూడా తగిలించిన ఇళ్లలో ఇది తరచు కనిపిస్తుంది. కేబుల్ తీసి చూస్తే తెలిసిపోతుంది. అప్పటికీ పోకపోతే ఆ వలయాన్ని తెంచే గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అనే చిన్న పరికరం మధ్యలో పెట్టుకోవచ్చు. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడే మోత వస్తుంటే ఆ ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ రకం (కరెంటు తరంగాన్ని చతురస్రాకారంలో ఇచ్చేది) అయి ఉంటుంది. నున్నటి తరంగం ఇచ్చే సైన్ వేవ్ ఇన్వర్టర్‌తో ఆ బాధ సాధారణంగా ఉండదు.

విండోస్‌లో చూడవలసినవి

ఇంతవరకూ తేలకపోతే అప్పుడు సెట్టింగ్స్ తెరవండి. విండోస్ 11లో సిస్టం, సౌండ్ అన్నవాటిలోకి వెళ్లి, మీ స్పీకర్ పేరు మీద నొక్కితే ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్, స్పేషియల్ సౌండ్ కనిపిస్తాయి. రెంటినీ ఆఫ్ చేయండి. అక్కడే ఫార్మాట్ దగ్గర 16 బిట్, 48,000 హెర్ట్‌జ్ గాని 44,100 హెర్ట్‌జ్ గాని ఎంచుకుని వినండి.

తర్వాత డివైస్ మేనేజర్‌లో సౌండ్ విభాగం కింద ఉన్న పేరును చూడండి. చాలా మదర్‌బోర్డుల్లో అది రియల్‌టెక్ అని ఉంటుంది. ఈమధ్య విండోస్ అప్‌డేట్ అయ్యాకే గోల మొదలైతే రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కండి (డ్రైవర్ అంటే ఆ భాగాన్ని విండోస్‌తో కలిసి పని చేయించే ప్రోగ్రాం). ఆ అవకాశం లేకపోతే మదర్‌బోర్డు తయారీదారు వెబ్‌సైట్ నుంచి మీ మోడల్‌కు సరిపోయే డ్రైవర్‌నే దించుకోండి. డ్రైవర్లన్నీ బాగుచేస్తామని ఊరించే ఉచిత ప్రోగ్రాంల జోలికి పోవద్దు.

మాట ముక్కలుముక్కలుగా తెగుతుంటే టాస్క్ మేనేజర్‌లో సీపీయూ (ఇక్కడ డబ్బా కాదు, లోపలి ప్రాసెసర్) వాడకం 100 శాతానికి చేరుతోందేమో గమనించండి. అది తక్కువగానే ఉన్నా శబ్దం తెగుతుంటే ఏదో ఒక డ్రైవర్ ప్రాసెసర్‌ను క్షణకాలం వదలకుండా పట్టుకుంటోందన్నమాట. వైఫై డ్రైవర్లు ఇలా చేయడం కద్దు. కాసేపు వైఫై ఆపి, కంప్యూటర్‌లో ఉన్న పాట విని చూడండి. లేటెన్సీమాన్ అనే ఉచిత ప్రోగ్రాం ఆ డ్రైవర్ ఏదో పేరుతో సహా చూపిస్తుంది. బ్లూటూత్ హెడ్‌సెట్‌లో క్లాసు వింటున్నప్పుడు శబ్దం ఉన్నట్టుండి పీలగా మారితే అది మైకు కూడా పని చేసే హ్యాండ్స్‌ఫ్రీ పద్ధతిలోకి మారి ఉంటుంది. హెడ్‌సెట్ మైకు వాడడం మానేస్తే మామూలుగా అవుతుంది.

ఇవన్నీ అయ్యాక కూడా అన్ని ఇయర్‌ఫోన్లలోనూ గరగరే వస్తుంటే తక్కువ ధరకు దొరికే యూఎస్‌బీ సౌండ్ కార్డు ఒకటి పెట్టి వినండి. దాంతో శబ్దం శుభ్రంగా వస్తే మదర్‌బోర్డు మీది ఆడియో భాగం చెడిందని తేలుతుంది. ఆ కార్డునే వాడుకుంటే చాలు, మదర్‌బోర్డు మార్చనక్కరలేదు. లోపం స్పీకర్‌దే అయితే దాన్ని ఆపి, ముందువైపు కదిలే అట్ట మధ్యభాగాన్ని రెండు వేళ్లతో సమంగా, చాలా మెల్లగా లోపలికి నొక్కండి. రాసుకున్న చప్పుడు వస్తే అట్ట వెనక ఉండే తీగచుట్ట (కాయిల్) వంకరైంది. చిన్న స్పీకర్లకు ఆ మరమ్మతు ఖర్చు దండగ. పెద్ద వూఫర్ అయితే మైకుసెట్లు బాగుచేసేవాళ్లను అడగండి, కాయిల్, అట్ట మార్చి ఇవ్వగలుగుతారు.