చెక్క మీద ప్లాస్టిక్ షీటు: ఏ జిగురు పడుతుంది, ఏది పట్టదు

వార్డ్‌రోబ్ తలుపు మీద అతికించిన షీటు నాలుగు నెలలకే అంచు దగ్గర లేస్తే అందరూ జిగురునే తిడతారు. చాలాసార్లు జిగురు మంచిదే, ఆ ప్లాస్టిక్కుకి సరిపడేది కాకపోవడమే తప్పు. చెక్క వైపు పెద్ద చిక్కు ఉండదు. ప్లై అయినా ఎమ్‌డీఎఫ్ (చెక్క నారని జిగురుతో నొక్కి చేసిన బోర్డు) అయినా శుభ్రంగా, పొడిగా ఉంటే చాలా జిగుర్లు పట్టుకుంటాయి. ప్లాస్టిక్ వైపే మూడు సంగతులు తేల్చుకోవాలి: అది ఏ రకం, జిగురులోని నీరు లేదా థిన్నర్ ఎటు పోతుంది, ఎండకి షీటు సాగితే జిగురు కూడా సాగుతుందా.

ముందు షీటు ఏదో తెలుసుకోండి

సన్‌మైకాకి తెల్ల ఫెవికాల్ పడుతుంది కదా, ప్లాస్టిక్ షీటుకెందుకు పట్టదని చాలామంది అడుగుతారు. సన్‌మైకా చూడటానికి ప్లాస్టిక్‌లా ఉన్నా లోపల ఉన్నది రెజిన్‌లో తడిపి వేడి మీద నొక్కిన కాగితం పొరలు. వెనక వైపు గరుకుగా గీసి ఇస్తారు కాబట్టి జిగురుకి పట్టు దొరుకుతుంది. అక్రిలిక్, పీవీసీ, పాలీకార్బొనేట్ షీట్లు నున్నగా ఉంటాయి, చుక్క నీరు పీల్చవు. తెల్ల ఫెవికాల్ రాస్తే చెక్క వైపు గట్టిగానే పడుతుంది. ప్లాస్టిక్ వైపు మాత్రం అరచేతి మీద ఎండిన ఫెవికాల్‌ని పిల్లలు ఒలిచినట్టు పొరగా ఊడొస్తుంది.

షీటు రకం తెలియకపోతే చిన్న ముక్క కోసి నీళ్లలో వేయండి. తేలితే పాలిథీన్ లేదా పాలీప్రొపిలీన్. కూరగాయలు తరిగే తెల్ల బోర్డులు ఎక్కువగా ఈ జాతివే. వీటికి మామూలు జిగురు ఏదీ పట్టదు, కాబట్టి డబ్బు తగలేయకుండా స్క్రూలు వేసుకోండి. ఈ పరీక్ష గట్టి షీట్లకే. పీవీసీ ఫోమ్ బోర్డులో గాలి ఉంటుంది కనుక అదీ తేలుతుంది, కానీ దానికి జిగురు బాగానే పడుతుంది.

మునిగింది, పారదర్శకంగా ఉంది అంటే చాలావరకు అక్రిలిక్ లేదా పాలీకార్బొనేట్. సన్నటి ముక్కని పకడుతో వంచితే అక్రిలిక్ టప్పున విరుగుతుంది, పాలీకార్బొనేట్ వంగుతుంది. కళ్లకి రక్షణ అద్దాలు పెట్టుకునే చేయండి, ముక్క ఎగురుతుంది.

ఎండకి ఎంత సాగుతుంది

8 అడుగుల అక్రిలిక్ షీటు 30 డిగ్రీల తేడాకి దాదాపు 5 ఎమ్ఎమ్ పెరుగుతుంది. అదే పొడవున్న ప్లై అర ఎమ్ఎమ్ కూడా పెరగదు. డిసెంబరు పొద్దున అతికించిన షీటు మే నెలలో పడమటి గోడ మీద ఎంత వేడెక్కుతుందో ఆలోచించండి. అరాల్డైట్ లాంటి గట్టి ఎపాక్సీతో మొత్తం అతికిస్తే జిగురు పొర తెగుతుంది, లేకపోతే షీటు మధ్యలో ఉబ్బుతుంది.

మందం కూడా లెక్కలోకి వస్తుంది. 5 ఎమ్ఎమ్ షీటు సాగుతూ లాగే బలం 1 ఎమ్ఎమ్ షీటుకి ఐదింతలు. అందుకే 1 ఎమ్ఎమ్ పీవీసీ లామినేట్‌ని మొత్తం అతికించినా నిలుస్తుంది. 3 ఎమ్ఎమ్ దాటిన గట్టి షీటుకి మాత్రం రబ్బరులా సాగే, మందమైన జిగురు పొర కావాలి.

దేనికి ఏది

పీవీసీ లామినేట్, 3 ఎమ్ఎమ్ లోపు గట్టి పీవీసీ షీటు, ఫోమ్ బోర్డు: ఫెవికాల్ ఎస్‌ఆర్ 998 లాంటి సింథటిక్ రబ్బరు జిగురు, అంటే రెండు వైపులా రాసి ఆరనిచ్చి అతికించే రకం. మెత్తటి వినైల్‌కి ఇది వద్దు. వినైల్‌ని మెత్తగా ఉంచే నూనె లాంటి పదార్థం మెల్లగా జిగురులోకి దిగి దాన్ని బంక చేసేస్తుంది. దానికి వినైల్ కోసమని డబ్బా మీద రాసి ఉన్న జిగురే కొనండి.

అక్రిలిక్, పాలీకార్బొనేట్: థిన్నర్ వాసన కొట్టే జిగురు ఏదైనా ప్రమాదమే. అందులోని టోలుయీన్ లాంటి ద్రావకాలు కోసిన అంచుల దగ్గర వెంట్రుకల్లాంటి చీలికలు తెస్తాయి. వీటికి నా మొదటి ఓటు ట్యూబులో వచ్చే ఎమ్ఎస్ పాలిమర్ సీలెంట్, దుకాణాల్లో హైబ్రిడ్ సీలెంట్ అంటారు. అది చెక్కనీ ప్లాస్టిక్కునీ సమానంగా పట్టి, ఆరాక కూడా సాగుతుంది. దొరక్కపోతే న్యూట్రల్ సిలికాన్ వాడండి. వెనిగర్ వాసన వచ్చే మామూలు సిలికాన్ అక్రిలిక్ అద్దం వెనక పూతని తినేస్తుంది. పచ్చి చెక్క మీద సిలికాన్ పట్టు అంతంత మాత్రం, కాబట్టి ముందు ఒక కోటు సీలర్ (చెక్క రంధ్రాలు మూసే పూత) వేసి పూర్తిగా ఆరనివ్వాలి.

అరచెయ్యంత ముక్కలకి ఎపాక్సీ చాలు, రెండు వైపులా 180 నంబరు ఎమరీ పేపరుతో గీసి రాయండి. ఫెవిక్విక్ లాంటివి అక్రిలిక్ మీద తెల్లటి పొగలాంటి మరక వదులుతాయి, పెళుసుగా ఉండి దెబ్బకి ఊడతాయి. కిచెన్ షట్టర్ల కోసం పెద్ద ఎత్తున అక్రిలిక్ అతికించేవాళ్లు వేడి పీయూఆర్ (పాలీయురేథేన్) జిగురుని మెషీన్‌తో పరిచి ప్రెస్ చేస్తారు. ఆ నునుపు ఇంట్లో బ్రష్‌తో రాదు, పది షట్టర్లుంటే ప్రెస్ చేసిన బోర్డులే కొనడం మేలు.

రబ్బరు జిగురుతో అతికించడం

8×4 అడుగుల షీటుకి రెండు వైపులా కలిపి దాదాపు లీటరు పడుతుంది. ప్లై మీద పాత పెయింటో వార్నిషో ఉంటే గీకేయండి, లేకపోతే జిగురు పెయింటుని పట్టుకుంటుంది, పెయింటు చెక్కని వదిలేస్తుంది. షీటు వెనక 120 నంబరుతో మెరుపు పోయేదాకా గీసి, దుమ్ము తుడవండి. రెండు వైపులా పల్చగా, సమంగా రాసి 10 నుంచి 20 నిమిషాలు ఆగండి.

ఆరిందో లేదో వేలి వెనక భాగంతో తాకి చూడండి. జిగటగా తగలాలి, కానీ వేలు తీస్తే తీగ రాకూడదు. తీగ వస్తుంటే థిన్నర్ ఇంకా లోపలే ఉంది. అప్పుడే మూసేస్తే అది బయటికి పోయే దారిలేక తర్వాత బుడగలుగా లేస్తుంది. వానాకాలంలో ఇంకో చిక్కు ఉంది. థిన్నర్ ఆవిరవుతూ జిగురు పైభాగాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దాని మీద చేరి తెల్లగా మసకబారుతుంది. ఆ తేమ పోకుండా కలిపితే పట్టదు, కాబట్టి ముసురు రోజున ఈ పని పెట్టుకోకండి.

రెండు జిగురు ముఖాలూ తాకితే ఇక జరపలేరు. ప్లై మీద అడుగుకొకటి సన్నటి బద్దలు పరిచి, వాటి మీద షీటు పెట్టి సరిచూసుకున్నాక ఒక చివర నుంచి బద్ద లాగుతూ నొక్కుతూ పోండి. తర్వాత రోలరుతో మధ్య నుంచి అంచులకి గట్టిగా రుద్దండి. గోటితో తట్టుకుంటూ వెళ్తే పట్టని చోట డొల్ల శబ్దం వస్తుంది.

తలుపులు, కిటికీలు తెరిచి పెట్టండి. ఈ ఆవిరి నేల మీద పాకుతూ పోయి పక్క గదిలో దీపం ఉన్నా అంటుకుంటుంది. దేవుడి దీపం, గ్యాస్ పొయ్యి ఆర్పాకే డబ్బా మూత తీయండి.

సీలెంట్‌తో అతికించడం

అక్రిలిక్‌ని సబ్బు నీళ్లతో తుడిచి ఆరబెట్టండి, థిన్నర్ గుడ్డ తగలనివ్వద్దు. ప్లై మీద 6 ఎమ్ఎమ్ లావు గీతలు పైనుంచి కిందికి, 20 సెంటీమీటర్లకొకటి గీయండి. 8×4 షీటుకి ఏడు గీతలు, మొత్తం 17 మీటర్లు వస్తాయి. 280 ఎమ్ఎల్ ట్యూబు 10 మీటర్లే వస్తుంది కనుక రెండు కొనండి. గీతల మధ్య అక్కడక్కడా 2 ఎమ్ఎమ్ మందం ప్యాకింగ్ ముక్కలు పెట్టాలి. లేకపోతే నొక్కినప్పుడు సీలెంట్ కాగితంలా అణిగిపోతుంది, సాగే గుణం పోతుంది.

చుట్టూ అంచు మూసేయడం ఇక్కడ పెద్ద పొరపాటు. సీలెంట్ గాలిలోని తేమతోనే గట్టిపడుతుంది, రోజుకి 2, 3 ఎమ్ఎమ్ లోతు. అంచు మూస్తే లోపలిది వారాల తరబడి పచ్చిగానే ఉంటుంది. కింద ఆసరా బద్ద కొట్టి వారం ఆగండి, ఆ తర్వాతే అంచులు మూయండి. పెద్ద షీటు చుట్టూ 3 ఎమ్ఎమ్ ఖాళీ ఉండాలి. పైన ఉన్న రక్షణ పొరని పని ముగిసేదాకా పీకొద్దు.

పారదర్శక షీటైతే వెనక గీతలన్నీ కనిపిస్తాయి. దానికి స్క్రూలే నయం: రంధ్రం స్క్రూ కంటే 2 ఎమ్ఎమ్ పెద్దదిగా, కింద రబ్బరు వాషరు. పొయ్యి వెనక అక్రిలిక్ అసలు వద్దు. దాదాపు 100 డిగ్రీలకే మెత్తబడుతుంది, పైగా మండుతుంది.

తలుపుకి ఒక వైపే షీటు వేస్తే ఆ వైపు తేమ ఆగిపోతుంది, రెండో వైపు పీలుస్తూ వదులుతూ ఉంటుంది, తలుపు వంకర తిరుగుతుంది. రెండో వైపు కూడా అంత మందం లామినేటే వేయండి.

మొత్తం అతికించేముందు ఒక ముక్క

రెండంగుళాల పట్టీ అతికించి, రబ్బరు జిగురైతే రెండు రోజులు, సీలెంటైతే వారం ఆగి, ఒక మధ్యాహ్నం ఎండలో ఉంచి పీకండి. చెక్క నారలు ఊడొస్తే అదే మీ జిగురు. జిగురంతా చెక్క మీదే మిగిలి షీటు నున్నగా వస్తే, ఇంకా గరుకుగా గీసి చూడండి, అప్పటికీ అంతే అయితే జిగురు మార్చండి. జిగురే మధ్యలో తీగలు సాగి తెగితే ఇంకా ఆరలేదు, మరో రెండు రోజులు ఆగి మళ్లీ పీకండి. షీటుని వెలుతురుకి అడ్డంగా పెడితే అంచుల్లో సన్నటి చీలికలు కనిపించాయా, ఆ డబ్బా దుకాణంలో తిరిగిచ్చేయండి.