కంప్యూటేషనల్ డిజైన్ స్వయంబోధన, 4వ పాఠం: వేలాడే గొలుసు నుంచి నిలబడే కమాను దాకా

గత మూడు పాఠాలలో జాబితాలను, డేటా ట్రీలను, వక్రరేఖను పారామీటర్ల ద్వారా విభజించే పద్ధతులను చూశాం. వాటన్నిటిలోనూ ఆకారాన్ని నిర్ణయించింది మనమే. ప్రోగ్రామ్ దాన్ని త్వరగా గీసిపెట్టింది, అంతే. ఈ పాఠంలో మనం ఆకారాన్ని గీయం. ఆధారాలు ఎక్కడున్నాయో, భారం ఎంతో, బిందువులు ఏ నియమానికి లోబడాలో మాత్రమే చెబుతాం; ఆకారం లెక్క నుంచి పుడుతుంది. ఫార్మ్ ఫైండింగ్ అని పిలిచే ఈ పని స్నాతకోత్తర స్థాయి స్టూడియోలలో దాదాపు తప్పనిసరిగా ఎదురవుతుంది.

గ్రాస్‌హాపర్ (రైనో అనే త్రిమితీయ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోని దృశ్య ప్రోగ్రామింగ్ సాధనం)లో బలాలను అనుకరిస్తూ ఆకారాన్ని కనుక్కునే, డేనియల్ పైకర్ రూపొందించిన కంగారూ ఉండగా ఇదంతా చేత్తో ఎందుకు లెక్కించాలన్న ప్రశ్న రావడం సహజం. కంగారూ మంచి సాధనమే, ఆరో పాఠం నుంచి మనమూ దాన్నే వాడతాం. అయితే జ్యూరీలో కూర్చున్నవారు అడిగేది తెర మీది వంపు గురించి కాదు. సాల్వర్‌ను, అంటే సమతౌల్యాన్ని వెతికే ప్రోగ్రామ్‌ను, ఎక్కడ ఆపారు, ఎందుకు ఆపారు, ఆపిన క్షణంలో ఎంత బలం సమతౌల్యానికి రాకుండా మిగిలి ఉంది అని అడుగుతారు. ఈ మూడింటికీ జవాబు చెప్పగలగడమే ఈ స్థాయి చదువుకు కనీస అర్హత అని నా అభిప్రాయం. అందుకు దగ్గర దారి, ఒక చిన్న సాల్వర్‌ను ఒక్కసారైనా స్వయంగా రాసుకోవడం.

వెనకటి కథ క్లుప్తంగా చెప్పుకుందాం. వంగే గొలుసు ఎలా వేలాడుతుందో, దాన్ని తలకిందులు చేస్తే వచ్చే బిగువైన కమాను అలా నిలబడుతుందన్న సూత్రాన్ని రాబర్ట్ హుక్ 1675లో అక్షరాలను తారుమారు చేసి గూఢంగా ప్రకటించాడు. 1748లో జొవాన్నీ పొలెని, రోమ్‌లోని సెయింట్ పీటర్స్ గుమ్మటంలో పగుళ్లు కనిపించిన తరువాత, దాని భద్రతను పరీక్షించడానికి బరువులు కట్టిన గొలుసునే వాడాడు. ఆంటోని గౌడి కొలోనియా గ్వెల్ చర్చి కోసం దారాలతో, సీసపు గుండ్లు నింపిన చిన్న సంచులతో వేలాడే నమూనాను కట్టి ఏళ్ల తరబడి దానితో పని చేశాడు. గౌడి ఒక సంచి బరువు మార్చినప్పుడల్లా నమూనాలోని దారాలన్నీ సర్దుకునేవి. ఆ సర్దుకోవడాన్నే ఇప్పుడు మనం అంకెలతో చేయబోతున్నాం.

ఉదాహరణను కావాలనే చాలా చిన్నదిగా తీసుకుందాం. రెండు ఆధారాల మధ్య దూరం 8 మీటర్లు, రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయి. వాటి మధ్య గొలుసును నాలుగు భాగాలు చేస్తే మూడు స్వేచ్ఛా నోడ్‌లు, అంటే భాగాలు కలిసే, కదలగల బిందువులు, వస్తాయి. ఒక్కొక్క నోడ్ నుంచి 10 కిలోన్యూటన్ల భారం వేలాడుతోంది. ఇప్పుడు బలసాంద్రత అనే రాశిని పరిచయం చేయాలి: ఒక భాగంలోని బలాన్ని ఆ భాగం పొడవుతో భాగిస్తే వచ్చేదే అది. ఈ నిష్పత్తిని ముందే నిర్ణయించుకుంటే సమతౌల్య సమీకరణాలు సరళ సమీకరణాలుగా మారిపోతాయి. మ్యూనిక్‌లో 1972 ఒలింపిక్స్ కోసం కట్టిన కేబుల్ వలల పైకప్పులను లెక్కించే క్రమంలో క్లాస్ లింక్‌విట్జ్, హన్స్‌యోర్గ్ షెక్ ఈ మార్గాన్ని అభివృద్ధి చేశారు. షెక్ 1974లో ప్రచురించిన వ్యాసం నేటికీ ఈ విషయంలో చదవవలసిన మొదటి పత్రం.

మన గొలుసులో నాలుగు భాగాలకూ బలసాంద్రత మీటరుకు 10 కిలోన్యూటన్లు అనుకుందాం. అన్నిటికీ ఒకే విలువ ఇచ్చాం కాబట్టి నోడ్‌లు అడ్డంగా సమాన దూరంలో, అంటే రెండేసి మీటర్లకు ఒకటి చొప్పున నిలుస్తాయి. నిలువు దిశలో ప్రతి నోడ్‌కూ నియమం ఒక్కటే: ఎడమ పొరుగు నోడ్ ఎత్తు, కుడి పొరుగు నోడ్ ఎత్తు కూడి, అందులోంచి తన ఎత్తుకు రెట్టింపును తీసివేస్తే, భారాన్ని బలసాంద్రతతో భాగించినంత, అంటే ఇక్కడ 1 మీటరు, రావాలి. ఆధారాల ఎత్తును సున్నా అనుకుని, ఇరుపక్కలా ఒకే తీరున్న సంగతిని వాడుకుని ఈ సమీకరణాలను కాగితం మీద సాధించండి. నడిమి నోడ్ 2 మీటర్ల లోతున, దాని పక్క నోడ్‌లు రెండూ 1.5 మీటర్ల లోతున ఉంటాయి.

ఇక బలాలు. మొదటి భాగం అడ్డంగా 2 మీటర్లు, నిలువుగా 1.5 మీటర్లు కాబట్టి దాని పొడవు 2.5 మీటర్లు, బలం 25 కిలోన్యూటన్లు. అందులో నిలువు బలం 15, అంటే మొత్తం భారమైన 30లో సరిగ్గా సగం. అడ్డపు బలం 20 కిలోన్యూటన్లు, అది నాలుగు భాగాలలోనూ మారదు. బలసాంద్రతను సగానికి, అంటే 5కు, తగ్గిస్తే లోతు 4 మీటర్లవుతుంది, అడ్డపు బలం 10కి పడిపోతుంది. లోతును అడ్డపు బలంతో గుణిస్తే రెండుసార్లూ 40 కిలోన్యూటన్ మీటర్లే వస్తుంది. ఇదే దూరానికి ఇవే భారాలతో ఒక సాధారణ దూలాన్ని వేస్తే దాని మధ్యలో వచ్చే బెండింగ్ మొమెంట్ (దూలాన్ని వంచే ప్రభావం) కూడా ఇంతే. కాబట్టి గ్రాస్‌హాపర్‌లో బలసాంద్రతను మార్చడానికి మీరు జరిపే స్లైడర్, ఎత్తైన కమానుకూ ఆధారాల మీద పడే నెట్టుడుకూ మధ్య బేరాన్ని నడుపుతోందని గుర్తుంచుకోవాలి. ఆధారంగా నిలిచే గోడ ఎంత నెట్టుడును తట్టుకోగలదో తెలియకుండా ఆ స్లైడర్‌ను కంటికి నచ్చిన చోట ఆపడం డిజైన్ అనిపించుకోదు.

ఇక్కడ చాలా మంది థీసిస్‌లలో దొర్లే పొరపాటు ఒకటుంది. మనకు వచ్చిన బిందువులు పరావలయం మీద ఉన్నాయి. ఇది కేటెనరీ కాదు. భారం అడ్డపు దూరాన్ని బట్టి సమానంగా పంచబడితే పరావలయం, గొలుసు పొడవును బట్టి పంచబడితే కేటెనరీ వస్తుంది. కేటెనరీ కావాలంటే, ఒకసారి ఆకారాన్ని కనుక్కుని, ప్రతి భాగం పొడవును బట్టి నోడ్‌ల భారాలను తిరిగి లెక్కించి, మళ్లీ సాధించాలి. తక్కువ లోతున్న గొలుసులో ఈ రెండిటికీ తేడా కంటికి ఆనదు. లోతు పెరిగేకొద్దీ తేడా పెరుగుతుంది, బొమ్మ కింద రాసిన పేరు తప్పవుతుంది.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. మూడు నోడ్‌లను సమీకరణాలతో సాధించగలిగాం. అయితే బలాలు పొడవును బట్టి మారే సాగే తీగలు, పొరలు వచ్చినప్పుడు సమీకరణాలు సరళంగా ఉండవు, అంచెలంచెలుగా దగ్గరపడే పద్ధతి అవసరమవుతుంది. అలిస్టెయిర్ డే 1965లో ప్రతిపాదించిన డైనమిక్ రిలాక్సేషన్ అలాంటిదే: నోడ్‌లకు కల్పిత ద్రవ్యరాశిని, వేగాన్ని ఇచ్చి, కదలికను క్రమంగా అణచివేస్తూ సమతౌల్యానికి తీసుకువెళుతుంది. మనం అంతకంటే సులువైన రూపంతో మొదలుపెడదాం. ప్రతి అడుగులోనూ ప్రతి నోడ్ కొత్త ఎత్తు ఇలా వస్తుంది: ఇరు పొరుగు నోడ్‌ల పాత ఎత్తులను కూడి, అందులోంచి 1 తీసివేసి, సగం చేయాలి. పైథాన్‌లో దీనికి ఎత్తుల జాబితా ఒకటి, కొత్త ఎత్తుల జాబితా ఒకటి, లోపల ఒక లూప్, బయట ఒక లూప్ చాలు. పాత జాబితాలోనే రాసేస్తూ పోతే కింద ఇచ్చిన అంకెలు రావు, కాబట్టి రెండు జాబితాలను వేరుగానే ఉంచండి.

అన్ని ఎత్తులూ సున్నాతో మొదలుపెడితే నడిమి నోడ్ లోతు వరుసగా 0.5, 1, 1.25, 1.5, 1.625, 1.75 మీటర్లుగా పెరుగుతుంది. రావలసింది 2. దోషం ప్రతి రెండడుగులకూ సగమవుతోందన్నమాట. ఆరో అడుగు దగ్గర ఆపి తెర మీద చూడండి. వంపు చక్కగా, సమంగా ఉంటుంది, ఎవరూ వంక పెట్టలేరు. అదే సమయంలో నడిమి నోడ్ దగ్గర బలాలను కూడి చూస్తే, పక్క భాగాలు పైకి లాగుతున్నది 8.75 కిలోన్యూటన్లే. మిగిలిన 1.25, అంటే ఆ నోడ్ భారంలో ఎనిమిదో వంతు, దేనికీ ఆనకుండా గాలిలో ఉంది. ఈ మిగులు బలాన్ని ప్రతి అడుగులోనూ అచ్చు వేయడం ఇప్పుడే అలవాటు చేసుకోవాలి.

మెష్‌ను, అంటే ఈ విభజనను, సన్నగా చేసేకొద్దీ ఈ మోసం పెరుగుతుంది. ఇదే దూరాన్ని 20 భాగాలు చేస్తే, దోషం సగం కావడానికి రెండడుగుల బదులు సుమారు 56 అడుగులు పడుతుంది. ఆ స్థితిలో నడిమి నోడ్ ఒక్కో అడుగుకు 1 మిల్లీమీటరు చొప్పున మాత్రమే కదులుతుంటే, పని పూర్తయినట్టే అనిపిస్తుంది. నిజానికి అది చేరవలసిన చోటు ఇంకా సుమారు 80 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. కదలిక నెమ్మదించడాన్ని సమతౌల్యం అనుకుని సాల్వర్‌ను ఆపడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది. ఆపవలసిన షరతు ఎప్పుడూ బలంలోనే ఉండాలి: అన్ని నోడ్‌ల దగ్గరా మిగులు బలం ఆ నోడ్ భారంలో, ఉదాహరణకు, వెయ్యో వంతు కంటే తక్కువైనప్పుడు ఆపాలి.

తలకిందులు చేసే మెట్టు లెక్కలో చాలా చిన్నది. ఎత్తుల గుర్తులన్నీ మారిస్తే తన్యత సంపీడనం అవుతుంది, అంకెలు మారవు. భౌతికంగా మాత్రం పెద్ద తేడా ఉంది. భారం మారితే గొలుసు తన ఆకారాన్ని మార్చుకుంటుంది, రాతి కమాను మార్చుకోలేదు. మన కమానులో ఎడమ నోడ్ మీద భారాన్ని 20 కిలోన్యూటన్లు చేసి, శిఖరం 2 మీటర్ల దగ్గరే ఉండేలా బలసాంద్రతను 12.5కు పెంచి చూడండి. బలరేఖ, అంటే సంపీడన బలం ఆధారాల దాకా సాగే దారి, ఎడమ నోడ్ దగ్గర 1.8 మీటర్లకు లేస్తుంది, కుడి నోడ్ దగ్గర 1.4కు దిగుతుంది. అంటే మొదట కనుగొన్న ఆకారానికి 30 సెంటీమీటర్లు పైగా ఒకచోట, 10 సెంటీమీటర్లు కిందుగా మరోచోట పోతోంది. తన్యతను ఓర్చుకోలేని పదార్థంతో కట్టాలంటే బలరేఖ కమాను మందం లోపలే సాగాలి. ఇదే బలరేఖను వేరే శిఖరపు ఎత్తుతో గీస్తే విచలనం కొంత తగ్గుతుంది, ఎంత తగ్గుతుందో మీరే వెతకండి. ఫిలిప్ బ్లాక్ బృందం 2016లో వెనిస్ ద్వైవార్షిక ప్రదర్శనలో 399 సున్నపురాతి ముక్కలతో, వాటి మధ్య గచ్చు లేకుండా నిలబెట్టిన ఆర్మడిల్లో వాల్ట్ వెనక ఉన్నదీ ఈ ప్రశ్నే, మూడు కొలతల్లో, ఎన్నో రకాల భారాలతో.

అభ్యాసం: 8 మీటర్ల దూరాన్ని 20 భాగాలు చేయండి. ఒక్కొక్క నోడ్ మీద 2 కిలోన్యూటన్ల భారం, బలసాంద్రత మీటరుకు 50 కిలోన్యూటన్లు ఇవ్వండి. ఈసారి కూడిన మొత్తంలోంచి 1కి బదులు 0.04 తీసివేయాలి. సమాధానంలో నడిమి నోడ్ లోతు 2 మీటర్లు, ఆధారం పక్కనున్న మొదటి నోడ్ లోతు 0.38 మీటర్లు, అడ్డపు బలం 20, ప్రతి ఆధారం దగ్గర నిలువు ప్రతిచర్య 19 కిలోన్యూటన్లు రావాలి. నడిమి నోడ్ దోషం 1 మిల్లీమీటరుకు దిగడానికి మీ లూప్ 600 అడుగులు దాటి తిరగాలి. అంతకంటే చాలా ముందే ఆగితే ఆపే షరతులో లోపముంది. అడుగు సంఖ్యను అడ్డంగా, అత్యధిక మిగులు బలాన్ని నిలువుగా పెట్టి ఒక గ్రాఫ్ గీయండి. వంపు బొమ్మ అవసరం లేదు.

వచ్చే పాఠంలో గొలుసు వల అవుతుంది. అక్కడ ఒక నోడ్‌కు రెండు పొరుగు నోడ్‌ల బదులు నాలుగు ఉంటాయి, అంచుల్లో మూడే ఉంటాయి. వరుస సంఖ్యను బట్టి పొరుగువారిని గుర్తించే ఈ పాఠపు పద్ధతి పనికిరాదు. కాబట్టి మీ ప్రోగ్రామ్‌లో ప్రతి నోడ్ పొరుగు నోడ్‌లనూ ఒక ప్రత్యేక జాబితాలో దాచి, లూప్ ఆ జాబితాను చదివేలా ఇప్పుడే మార్చుకుని రండి.