ట్రైనింగ్ అయ్యాక రైలు ఆగిపోతే

హైదరాబాద్‌లో ఆఫీసు ట్రైనింగ్ ముగిసిన సాయంత్రం తొందరపడి ఆటో ఎక్కొద్దు. ముందు 139కి ఫోన్ చేసి రైలు స్థితి కనుక్కోండి. టికెట్ మీద స్టేషన్ పేరు కూడా మళ్లీ చదవండి. సికింద్రాబాద్‌లో పునర్నిర్మాణ పనుల వల్ల కొన్ని రైళ్లను చర్లపల్లికి మార్చారు. అలవాటు కొద్దీ సికింద్రాబాద్ వెళ్లి నిలబడేవాళ్లు ఎక్కువ.

రైలు పూర్తిగా రద్దయితే ఆన్‌లైన్ టికెట్‌ను మీరు ముట్టుకోనక్కర్లేదు, డబ్బు దానంతటదే ఖాతాలో పడుతుంది. కౌంటర్ టికెట్ అయితే 72 గంటల్లోగా కౌంటర్లో ఇవ్వాలి.

అసలు చిక్కు ఆలస్యంతోనే. మీరెక్కే స్టేషన్లో 3 గంటలకు మించి ఆలస్యమై, ప్రయాణం మానుకుంటే పూర్తి డబ్బు వస్తుంది. కాకపోతే రైలు అక్కడి నుంచి కదిలేలోపే టీడీఆర్ (డబ్బు వాపసు కోరే ఆన్‌లైన్ దరఖాస్తు) వేయాలి. కంగారులో 'క్యాన్సిల్' నొక్కితే ఛార్జీలు కోసేస్తారు. 'రైలు 3 గంటలకు పైగా ఆలస్యం' అన్న కారణమే ఎంచుకోండి.

ఇక బస్సు. విజయవాడ వైపైతే ఎంజీబీఎస్ (నగరంలోని పెద్ద బస్టాండు) దాకా వెనక్కి పోనక్కర్లేదు, ఎల్‌బీ నగర్లో ఎక్కొచ్చు. వరంగల్‌కు ఉప్పల్, కర్నూలుకు ఆరాంఘర్. రాత్రి 11 తర్వాత మెట్రోను నమ్ముకోవద్దు.

టీఏ (ప్రయాణ భత్యం) బిల్లు కోసం రద్దు మెసేజ్ స్క్రీన్‌షాట్, బస్సు టికెట్, ట్రైనింగ్ నుంచి పంపేటప్పుడు ఇచ్చే రిలీవింగ్ ఆర్డర్ దాచండి. బస్సు టికెట్ అచ్చు త్వరగా వెలిసిపోతుంది, అప్పుడే ఫోటో తీసుకోండి. మర్నాడు రాలేకపోతే ఆఫీసుకు ఆ రాత్రే వాట్సాప్‌లో రాసి పెట్టండి.